రంగు రంగుకీ ఒక డబ్బా

శనివారం జనం ఇంటి పాతసామాను అమ్ముకునే గరాజ్ సేళ్ళకి తిరిగేవాడికి నిద్రా సిగ్గూ రెండూ ఉండకూడదని కెల్విన్ ఫరూజా అంటుండేవాడు. నిద్ర అతనికి చిన్నప్పటినుంచీ తక్కువే. సిగ్గు మాత్రం అతని వంతు కూడా కలిపి వాళ్ళక్క లియోనీయే పడేది. తెల్లారీ తెల్లారకముందే ముక్కూమొహం తెలియనివాళ్ళ ఇంటి ముందు కారాపుకుని, వాళ్ళు గరాజ్ షట్టర్ ఎప్పుడెత్తుతారా అని దొంగల్లా కాచుకుని కూర్చోవడం ఆవిడకి సుతరామూ నచ్చదు. అయినా ప్రతి వారమూ ఫ్లాస్కులో టీ పోసుకుని, అమ్మ నేర్పిన మాల్టా పఫ్‌లు, పస్తీజీలు, వేడివేడిగా కాగితంలో చుట్టుకుని వచ్చి కార్లో కూర్చునేది. వీణ్ణొక్కణ్ణీ వదిలేస్తే మో అనే ఈ ఊళ్ళో చెత్తంతా ఇంటికి మోసుకొస్తాడని పైకి చెప్పేది. నిజానికి, వారం మొత్తంలో తమ్ముడితో కడుపారా పోట్లాడుకునే పూట ఆవిడకి అదొక్కటే.

కెల్విన్ వెతికేది లెగో, ఒకదానికొకటి బిగించి ఇళ్ళూ బళ్ళూ కట్టుకునే ప్లాస్టిక్ ముక్కలు. వారంలో ఐదు రోజులు స్కూలు బస్సు నడుపుతాడు, ఆరో రోజు లెగో వేట. ఇంటి వెనక షెడ్డులో నేలనుంచి కప్పు దాకా సీలు విప్పని పెట్టెలే. పిల్లలు పెద్దవాళ్ళయిపోయిన ఇళ్ళలో, ఊరొదిలి వెళ్ళిపోయేవాళ్ళ ఇళ్ళలో, చర్చివాళ్ళ పాతసామాన్ల కొట్లలో కారుచౌకగా దొరికినవి. పెట్టె మూలలు నలిగాయా, సూచనల పుస్తకం ఉందా, ముక్కలమీద పళ్ళగాట్లున్నాయా అని అతను ఒక్క చూపులో పట్టేసేవాడు. చుట్టుపక్కల ఊళ్ళలో పాత బొమ్మలు అమ్మదలుచుకున్నవాళ్ళు ముందు అతన్నే అడిగేవారు. ప్రతినెలా ఊరి హాల్లో జరిగే బొమ్మల సంతలో అతని బల్ల దగ్గర జనం ఎప్పుడూ మూగి ఉండేవారు.

అన్ని పెట్టెలున్నా, అతనికి కావలసింది మాత్రం ఒక్కటే, అదింకా దొరకలేదు. పాతకాలపు టౌన్ సెట్టు. రోడ్లు గీసిన ఒక అట్ట, దానిమీద పెట్టుకోవడానికి ఎర్రకప్పుల చిన్నచిన్న ఇళ్ళు, ఒక పెట్రోలు బంకు, వేలెడు పొడుగు చెట్లు. ఒక క్రిస్మస్‌కి నాన్న తెచ్చాడు. యాలోర్న్‌లో, చిన్నప్పుడు వాళ్ళున్న ఇంటి వెనక వరండాలో, ఆ అట్ట పరిచి అక్కాతమ్ముళ్ళు ఎన్ని ఎండాకాలాలు గడిపారో లెక్కలేదు.

యాలోర్న్ ఇప్పుడు లేదు. పాడుపడిన ఊరు అనడానికి కూడా వీల్లేదు. పాడుపడిన ఊళ్ళో మొండిగోడలైనా మిగులుతాయి. బొగ్గు తవ్వి కరెంటు తీసే పనివాళ్ళకోసం కట్టిన ముచ్చటైన ఊరు అది. తీరా ఆ ఊరి కిందే ఇంకా బొగ్గు కావలసివచ్చి, ఊరిని ఎత్తేశారు. చాలా ఇళ్ళని రంపంతో రెండుగా కోసి లారీలకెక్కించి, కొనుక్కున్నవాళ్ళ ఊళ్ళకి తోలేశారు. కెల్విన్‌వాళ్ళ ఇల్లు కొన్నాయన ఎవరో, సెకండ్ హాండ్ కారు ధరకి ఇంత ఇల్లు దొరికిందని బార్లో నాన్న ఎదురుగుండానే అందరికీ బీరు పోయించాడట. ఆ తర్వాత ఎవరైనా 'మంచి బేరం' అంటే నాన్న మొహం తిప్పుకునేవాడు. ఇల్లు కదిలించే గొడవలో వరండాలో సర్దిపెట్టిన ఒక అట్టపెట్టె, వరండాతోపాటే వెళ్ళిపోయింది. టౌన్ సెట్టు అందులో ఉంది. అప్పటికి కెల్విన్‌కి పన్నెండేళ్ళు.

ఇంటర్నెట్లో వెతికి కొనుక్కోరాదురా అని లియోనీ ఎన్నిసార్లందో. కావాలంటే ఎక్కడో జర్మనీలో ఎవడో అమ్ముతాడు, ఏడుస్తూ డబ్బు పంపితే వారంలో ఇంటికొస్తుంది. కెల్విన్ వినడు. అది దొరకాలి గాని కొనకూడదంటాడు. పోయింది దానంతట అది పోయింది కాబట్టి, దానంతట అదే రావాలట.

"అయితే నీకు కావలసింది బొమ్మ కాదురా కెల్. ఆ దేవుడు నీకు క్షమాపణ చెప్పుకోవాలి, అంతే" అంది ఒకసారి లియోనీ, పస్తీజీ నములుతూ.

శీతాకాలం మొదట్లో ఒక శనివారం వాళ్ళు పక్క ఊరు న్యూబరో వెళ్ళారు. బొమ్మలూ పనిముట్లూ అమ్ముతున్నట్టు కరెంటు స్తంభానికి ఎవరో చేత్తో రాసిన అట్ట కట్టారు. లోయంతా మంచు పరుచుకుని ఉంది. వాళ్ళకంటే ముందే ఒక కారు ఆగి ఉంది, అందులో బ్లూయీ.

బ్లూయీ అనేవాడికి ఒకప్పుడు తలనిండా ఎర్రజుట్టు ఉండేది. ఎర్రజుట్టువాణ్ణి నీలమని పిలవడం ఇక్కడి ఆనవాయితీ. జుట్టు మొత్తం రాలిపోయినా పేరు మాత్రం ఊడలేదు. కెల్విన్‌కి వేటలో పోటీదారు అతనే. కారద్దం దించి, "ఏం గురూ, బామ్మగారి దగ్గర దోచుకోవడానికి అక్కయ్యని కూడా తెచ్చావే" అన్నాడు. నువ్వు ఒక్కడివే వచ్చావంటే నీతో ఎవరూ రారనేగా అని లియోనీ ఇటునుంచి అంటించింది.

షట్టర్ లేచేదాకా కారు దిగకూడదు, ముందు చెయ్యి వేసినవాడిదే వస్తువు, చెయ్యి వేశాక ఇంకొకడు బేరం ఆడకూడదు. ఈ మూడూ ఎవరూ రాయని నియమాలు, ఎవరూ తప్పని నియమాలు. షట్టర్ గడగడమంటూ లేచింది. మగవాళ్ళ స్వెట్టరొకటి మోకాళ్ళదాకా వేలాడేసుకుని, బక్కపల్చని ముసలావిడ బయటికొచ్చి, చలిలో నిలబడకండి రండి అంది. ఆవిడ పేరు డెక్కర్ అని వాకిట్లో పోస్టుడబ్బామీద ఉంది.

గోడవారనున్న పొడుగుబల్ల చూసి కెల్విన్ కాళ్ళు నేలకి అతుక్కుపోయాయి.

బల్లనిండా లోపలివి కనిపించే ప్లాస్టిక్ డబ్బాలు. ఒకదాన్నిండా ఎర్ర లెగో ముక్కలు, ఒకదాన్నిండా తెల్లవి, ఇంకోదాన్నిండా పసుప్పచ్చవి. ముక్కలన్నీ కొత్తగా కడిగి, ఆరబెట్టి, మిలమిలలాడుతున్నాయి. కిటికీలన్నీ ఒక డబ్బాలో, తలుపులన్నీ ఒక డబ్బాలో. జామ్ సీసాలో ముదురాకుపచ్చ చెట్లు. అన్నీ పాతకాలపువే. ఆ చెట్ల వాటం, ఆ చిన్న కిటికీల అద్దాలు అతను ఎన్నేళ్ళుగానో కలల్లో చూస్తున్నవే. ఒక్క టౌన్ సెట్టుకి సరిపడా కాదు, పది సెట్లకి సరిపడా. ఒక్కో డబ్బామీద అంటించిన ధర, రోడ్డు చివర సాసేజ్ రొట్టె అమ్మేవాళ్ళ ధరకంటే కాస్త ఎక్కువ. వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే. ఇక్కడ తీగ కాదు, తోటే తగిలింది.

అతను అలా నిలబడిపోయేసరికి బ్లూయీ రెండంగలు ముందుకేశాడు. అప్పుడు లియోనీ, జన్మలో ఎన్నడూ చెయ్యని పని చేసింది. బల్లమీదకి ఒరిగి, రెండు చేతులూ బార్లా చాచి, డబ్బాలన్నిటినీ కావలించుకున్నట్టు పడుకుంది.

"ఇవన్నీ మావి" అంది, చెంప పసుప్పచ్చ డబ్బాకి ఆనించి. "చెయ్యే కాదు, ఒళ్ళంతా వేశాను. నియమం నియమమే బ్లూయీ."

బ్లూయీ నవ్వి, దిగులుగా పనిముట్ల వైపు వెళ్ళిపోయాడు. ముసలావిడ ఇదంతా చూసి, ఇంత గిరాకీ ఉంటుందని తెలిస్తే ఇంకో సున్నా పెట్టేదాన్ని అంది. అందే గాని అంటించిన ధర మార్చలేదు. కెల్విన్ డబ్బిచ్చి, డబ్బాలన్నీ కారు డిక్కీలోకి చేర్చాడు. చివరికి, "మిసెస్ డెక్కర్, వీటి పెట్టెలు గాని, రోడ్లు గీసిన అట్టలు గాని ఉన్నాయా?" అని అడిగాడు.

"నోలా అను నాయనా. మిసెస్ డెక్కర్ అంటే మా అత్తగారు, ఆవిడ పోయి చాలా కాలమయింది. పెట్టెలెక్కడివి? విమ్ అన్నీ విడివిడిగా ఏరుకొచ్చినవే. అట్ట ఎందుకు, టేబుల్ టెన్నిస్ బల్లంతా ఆక్రమించాడుగా."

విమ్ ఆవిడ భర్త. హాలండ్ నుంచి వచ్చి పవర్ స్టేషన్లో బాయిలర్ల దగ్గర పనిచేశాడు. పోయిన ఏడాది పోయాడు. రిటైరైన దగ్గర్నుంచీ గరాజులో కూర్చుని కట్టేవాడట. ఏం కట్టేవాడని కెల్విన్ మామూలుగా అడిగాడు.

"యాలోర్న్" అంది నోలా. "ఊరు ఊరంతా. ప్రతి వీధి, ప్రతి ఇల్లు. ఎవరింటికి ఎన్ని మెట్లున్నాయో కూడా. పాతవాళ్ళ దగ్గరికి పోయి ఫొటోలడిగి, అవి చూసి కట్టేవాడు. దుమ్ము పట్టిపోయిందనుకో."

కెల్విన్ మూయబోయిన డిక్కీ మూత మళ్ళీ ఎత్తాడు. ఆ ఊరు ఎక్కడుంది ఇప్పుడు అని అడిగింది లియోనీ. అడిగేటప్పుడే జవాబు ఆవిడకి తెలిసిపోయిందని మొహం చెబుతోంది.

నోలా డిక్కీ వైపు చూపించింది. తర్వాత కెల్విన్ని పరకాయించి చూసి, "నువ్వు నన్ను గుర్తుపట్టలేదు కదూ. నువ్వు చెప్పినట్టేగా చేశాను" అంది.

ఎండాకాలంలో ఒకసారి బొమ్మల సంతలో ఆవిడ అతని బల్ల దగ్గరికి వచ్చిందట. మా ఆయన కట్టినవి ఉన్నాయి, ఎలా అమ్మమంటావు అని అడిగిందట. కెల్విన్ ఆ సమయంలో ఎవరిదో పెట్టె మూల పరీక్షిస్తూ ఉన్నాడు. తలెత్తకుండానే చెప్పాడట. కట్టినవి కట్టినట్టుగా ఎవరూ కొనరు. అన్నీ విప్పెయ్యండి. దిండుగలీబుల్లో వేసి కడగండి. రంగు రంగుకీ ఒక డబ్బా పెట్టండి. ధర తక్కువ పెడితే మధ్యాహ్నానికల్లా ఖాళీ అయిపోతుంది. నోలా చర్చిలో స్నేహితుల్ని పిలిచింది. నలుగురు ఆడవాళ్ళు టీ తాగుతూ, కబుర్లు చెప్పుకుంటూ ఊరంతా విప్పేశారు. సందుల్లో ఇరుక్కున్నవాటిని వెన్నకత్తితో ఊడదీశారు. కడిగిన ముక్కల్ని దుప్పట్లమీద ఎండబెట్టారు.

ఆ సలహా కెల్విన్ ఎంతమందికి ఇచ్చి ఉంటాడో అతనికే తెలియదు. అది సరైన సలహానే. బొమ్మల వ్యాపారం తెలిసిన ఎవడైనా అదే చెబుతాడు. ఏం కట్టారని మాత్రం ఎవడూ అడగడు.

"సరిగ్గానే చేశానా?" అని అడిగింది నోలా. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

లియోనీ నోరు తెరిచింది. కెల్విన్ ఆవిడ కాలు తొక్కాడు.

"చాలా చక్కగా చేశారండీ. ఇంత శుభ్రంగా ఎవరూ చెయ్యరు" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు డిక్కీలో ముక్కలు గలగలమంటున్నాయి. ఆ చప్పుడు చిన్నప్పుడు ఎంత హాయిగా ఉండేదో, ఇప్పుడంత దుర్భరంగా ఉంది. ఆఖరికి లియోనీయే అంది. "మొదటిసారి తవ్వినవాళ్ళని నాన్న చచ్చేదాకా తిట్టాడు. రెండోసారి తవ్వించినవాడికి నేను పస్తీజీలు చేసి పెడుతున్నాను." అని, ఆ మాట మరీ పదునైపోయిందనిపించిందేమో, ఫ్లాస్కు మూతలో టీ పోసి అతని చేతికిచ్చింది.

కెల్విన్ డబ్బాలు షెడ్డులోకి చేర్చి, సీలు విప్పని పెట్టెలన్నీ ఒక గోడకి నెట్టి, మధ్యలో ఒక పాత తలుపు పరిచి బల్ల చేశాడు. మిగిలిన ఊరు పోతే పోయింది. తమ వీధి ఒక్కటీ నిలబెడదామనుకున్నాడు. ముక్కలన్నీ ఉన్నాయి. ఒక్కటీ ఎక్కడికీ పోలేదు. ఆ డబ్బాల్లోనే ఎక్కడో వాళ్ళ వీధి, వాళ్ళ ఇల్లు, ఆ ఇంటి మెట్లతో సహా ఉన్నాయి. ఎర్రటివన్నీ ఎర్రటివాటితో కలిసి, తెల్లవన్నీ తెల్లవాటితో కలిసి ఉన్నాయి. ఏ ఎరుపు ఎవరి కప్పుదో చెప్పగలిగేవాడు పోయిన ఏడాదే పోయాడు.

మొదటి ఇల్లు కట్టడం మొదలుపెట్టాక అతనికి ఇంకో సంగతి తెలిసింది. ఆ ఊరు తనకి గుర్తున్నదంతా పన్నెండేళ్ళవాడి ఎత్తునుంచే. వరండా కింద చీకట్లో నాచువాసన గుర్తుంది. కంచెలో ఏ చెక్కకి బొడిపె ఊడి కన్నం పడిందో, దాంట్లోంచి పక్కవాళ్ళ కుక్క ముక్కు ఎలా కనిపించేదో గుర్తుంది. మెట్లమీద కూర్చుంటే మోకాలి చిప్పకి సిమెంటు ఎంత వేడిగా తగిలేదో గుర్తుంది. కాని వీధిలో ఎవరింటి తర్వాత ఎవరిల్లో, పొగగొట్టం ఎడమనుందో కుడినుందో, ఇల్లు వీధినుంచి చూస్తే ఎలా ఉండేదో గుర్తులేదు. తను ఎప్పుడూ ఆ ఇంట్లోనే ఉన్నాడు గాని, ఆ ఇంటిని ఎన్నడూ చూడలేదు.

లియోనీ సాయంత్రాలు వచ్చి కూర్చునేది. ఆవిడకి గుర్తున్నవి వేరే. నిమ్మచెట్టు వంటింటి వైపంటుంది. కాదు, పడకగది కిటికీలోంచి కోసుకునేవాళ్ళమంటాడు కెల్విన్. నీకెలా తెలుసు, నువ్వు నిమ్మకాయలు దొంగిలించడమే గాని చెట్టుకి ఎప్పుడైనా నీళ్ళు పోశావా అంటుంది ఆవిడ. వెళ్ళి చూసి తేల్చుకోవడానికి చోటేదీ? అక్కడిప్పుడు గొయ్యి తప్ప ఏమీ లేదు. ప్రతి పోట్లాటా సగంలో ఆగిపోయేది. చెట్టు ఒకరోజు ఇటు, ఒకరోజు అటు మారేది.

మధ్యలో బ్లూయీ ఫోన్ చేశాడు. ఆ చెట్ల సీసా ఒక్కటే ఇచ్చినా మంచి ధర ఇస్తానన్నాడు. చెట్లు నాటుతున్నానని చెప్పి కెల్విన్ పెట్టేశాడు. బ్లూయీకి అది అర్థం కాలేదు.

చివరికి లియోనీయే అంది. "ఆవిడ దగ్గరికి వెళ్ళి అడగరా. ఏళ్ళ తరబడి ఆ గరాజులో ఆయనకి టీ అందించిన మనిషి. నీకూ నాకూ తెలియనివి ఎన్ని తెలుసో." కెల్విన్‌కి మొహం చెల్లలేదు. వెళ్తే నిజం చెప్పాలి. చెబితే ఆ పెద్దావిడ మనసు కష్టపడుతుంది. వారమంతా బస్సు నడుపుతూ ఇదే ఆలోచించాడు. పిల్లల్ని దింపవలసిన ఒక స్టాపు దాటి వెళ్ళిపోయి, వాళ్ళచేత కేకలు వేయించుకున్నాడు.

తర్వాతి ఆదివారం చర్చి వదిలేవేళకి నోలా ఇంటికి వెళ్ళి, గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పేశాడు. తామూ యాలోర్న్‌వాళ్ళమేనని, నాన్న విమ్‌తో పాటు అదే పవర్ స్టేషన్లో పనిచేసి ఉంటాడని, ఏం కట్టారో అడగకుండా సలహా ఇచ్చానని, తనకి తెలిసుంటే ఒక్క ముక్క కూడా విప్పనిచ్చేవాణ్ణి కాదని, ఇప్పుడు ఆ ముక్కలతో తమ వీధి కడుతూ గుర్తురాక ఆగిపోయానని. చెబుతున్నంతసేపూ ఆవిడ స్వెట్టర్ గుండీవైపే చూశాడు.

నోలా, చేతిలో ఉన్న చర్చి పాటల పుస్తకం గోడ పక్కన పెట్టి, "ఆ బల్ల మాత్రం నాకు ఎప్పటినుంచో ఖాళీ కావాలనుంది, అబద్ధం చెప్పను" అంది. "దాని చుట్టూ తిరగలేక ఒళ్ళంతా దెబ్బలు. నా కారు పదేళ్ళు బయట వానలో తడిసింది. విప్పుతున్నప్పుడు నాకు బాధ వెయ్యలేదు నాయనా. అయిపోయాక, ఉత్త బల్ల చూసినప్పుడు వేసింది. అది నీ సలహా వల్ల వచ్చింది కాదు." తర్వాత, "కారు తాళాలు తీసుకొస్తానుండు. ఎక్కడ కడుతున్నావో చూపించు" అంది.

షెడ్డులోకి వచ్చి, లియోనీ వేసిన కుర్చీలో కూర్చోకుండా, ఆవిడ బల్ల చుట్టూ మెల్లగా ఒక చుట్టు తిరిగింది. అప్పటికి అక్కాతమ్ముళ్ళు నాలుగిళ్ళు నిలబెట్టారు. ఎర్రకప్పులు, తెల్లగోడలు, ముందు పచ్చటి ముక్కలతో గడ్డి. వాళ్ళింటి పెరట్లో రెండు కర్రలు పాతి దండెం కట్టి, పల్చటి తెల్ల పలకలతో దుప్పట్లూ దిండుగలీబులూ ఆరేసినట్టు పెట్టాడు కెల్విన్. అది అతనికి నిక్కచ్చిగా గుర్తున్న ఒకే ఒక సంగతి. ఎండాకాలం అమ్మ ఆరేసిన దుప్పట్ల మధ్య దూరి కూర్చుంటే చల్లగా, తెల్లగా, సబ్బువాసనగా ఉండేది. ఆ దండెం విషయంలో లియోనీ కూడా పోట్లాడలేదు.

నోలా ఆ దండెం దగ్గరే ఆగింది. కళ్ళద్దాలు ముక్కుమీదకి జారిపోతే పైకి తోసుకుని, వంగి చూసింది.

"విమ్ కూడా ఇదే తప్పు చేశాడు" అంది.

కెల్విన్‌కి అర్థం కాలేదు. దండెం అటు వైపుండాలా అని అడిగాడు.

"దండెం ఎటుంటే ఏం? యాలోర్న్‌లో ఇంత తెల్లటి దుప్పటి ఎవరింట్లో చూశావు నువ్వు?"

లియోనీ పెద్దగా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కుర్చీలో కూలబడింది.

"మసి" అంది. "దేవుడా, మసి."

గాలి ఇటు తిరిగితే చాలు, పవర్ స్టేషన్ పొగగొట్టాలనుంచి మసి వచ్చి ఆరేసిన బట్టలమీద వాలేదని, ఆడవాళ్ళు వంటింటి కిటికీలోంచి గాలినే కనిపెట్టుకుని ఉండేవాళ్ళని నోలా చెప్పుకొచ్చింది. ఒకళ్ళ పెరట్లో కేక వినిపిస్తే వీధి మొత్తం పరిగెత్తి బట్టలు తీసేవారట. అయినా ప్రతిసారీ సగం బట్టలకి అంటుకునేది. దులిపితే చారలయ్యేది, మళ్ళీ ఉతకాలి. తనకి చేతులు పగిలిపోయి ఉండేవట. ఊరు ఎత్తేస్తున్నారని తెలిసిన రోజు విమ్ ఏడ్చాడట. ఆవిడ మాత్రం పెరట్లోకి వెళ్ళి, ఆరేసిన బట్టలవంక చూసి, హమ్మయ్య అనుకుందట. ఆ మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదట. ఊరంతా ఏడుస్తున్నప్పుడు ఎలా చెబుతాం అంది.

లియోనీ కళ్ళు తుడుచుకుంది. అమ్మకి కోపం వస్తే ఇంగ్లీషు రాదని, తడిదుప్పటి భుజాన వేసుకుని పొగగొట్టాలవైపు చెయ్యి విసురుతూ మాల్టా భాషలో పేరుపేరునా దేవతలందర్నీ పిలిచి శపించేదని చెప్పింది. "నాన్న అప్పుడే డ్యూటీ దిగి వచ్చేవాడు. గేటు దగ్గరే ఆగిపోయేవాడు. అమ్మ చల్లారేదాకా లోపలికి వచ్చేవాడు కాదు. నువ్వు దుప్పట్ల కింద దూరి మళ్ళీ మురికి చేశావని నీ వీపు మోగేది. అదీ గుర్తులేదా?"

కెల్విన్‌కి గుర్తులేదు. చల్లదనం గుర్తుంది, తెలుపు గుర్తుంది. అమ్మ చేతులు ఎలా ఉండేవో గుర్తులేదు. ఆ దుప్పటిని అమ్మ ఎన్నోసారి ఉతికి ఆరేసిందో అప్పుడు తెలియదు, ఇప్పుడు అడగడానికి ఆవిడ లేదు.

"విమ్‌కి మీరు చెప్పలేదా?" అని అడిగాడు.

"చెప్పకేం. ఇదిగో ఇలాంటి దండెమే చూపించి, మసి ఏదయ్యా అన్నాను. ఊరంతా ఉన్నదున్నట్టు కట్టావు, మెట్లు కూడా లెక్కపెట్టావు, నేను ఉతికింది ఎక్కడ పెట్టావు అన్నాను." నోలా స్వెట్టర్ అంచు వేలితో మెలిపెట్టింది. "చేతిలో ముక్క కింద పెట్టేశాడు. తర్వాత, ఆ బాయిలర్ల దగ్గర నిలబడింది నేనే నోలా, ఆ మసి నీ మీదకి ఒకసారి పంపాను, మళ్ళీ నా చేత్తో పెట్టలేను అన్నాడు. ఇంక నేనూ అడగలేదు."

బయట ఎవరిదో గడ్డికోసే మిషను ఆగిపోయింది. కెల్విన్ డబ్బాల వరసలో వెతికి నల్ల ముక్కలున్నది తీసి, మూత విప్పి, ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ వేళ్ళకి అంత చిన్న ముక్కలు పట్టుకోవడం చేతకావడం లేదు. అందుకని ఆవిడ ఎక్కడో చూపించింది, అతను పెట్టాడు. ఒకటి దుప్పటి మూలన. రెండు దండెం కింద గడ్డిమీద. ఒకటి దిండుగలీబు మధ్యలో, సరిగ్గా మధ్యలో, ఎప్పుడూ అక్కడే పడేదని ఆవిడ ఒట్టేసి చెప్పింది.

"ఇంకా పెట్టు. పిసినారిలా పెట్టకు. మసి పిసినారి కాదు" అంది నోలా.

లియోనీ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. అతను డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసుకున్నాడు.